బీరువాకు సరిపడా చలి

జిల్లా కేంద్రంలో ఏ బ్యాంకు ప్రాంతీయ కార్యాలయానికో, ఆసుపత్రికో, ఇంజినీరింగ్ కాలేజీకో వెళ్లి సర్వర్ రూమ్ ఎక్కడని అడిగితే ఒక చిన్న గది చూపిస్తారు. తలుపు తీయగానే చలి ముఖాన కొడుతుంది. గోడకు రెండు స్ప్లిట్ ఏసీలుంటాయి. వంతులవారీగా ఒకటి నడుస్తుంది, ఒకటి ఆగుతుంది. రిమోట్‌లో అంకె 18. మూలన నిలువెత్తు నల్ల బీరువా, దాని అరల్లో ఒకదాని మీద ఒకటి సర్వర్లు. అక్కడ పది నిమిషాలు నిలబడితే మనకు చేతులు కొంకర్లు పోతాయి. అయినా మే నెల మధ్యాహ్నం అదే బీరువా పై అరలోని సర్వర్ వేడెక్కిపోయానంటూ అలారం మోగిస్తుంది. కంప్యూటర్లు చూసుకునే కుర్రాడు పరుగెత్తుకొచ్చి, బీరువా తలుపులు బార్లా తెరిచి, ఎదురుగా ఒక టేబుల్ ఫ్యాన్ పెట్టి వెళ్తాడు.

మనిషి వణుకుతున్న గదిలో యంత్రానికి ఉక్కపోయడమేమిటి? ఈ చిక్కు విప్పుకుంటూ పోతే డేటా సెంటర్లను చల్లబరిచే పద్ధతిలో ఎక్కడ వృథా జరుగుతోందో తెలుస్తుంది. గదిని వదిలేసి బీరువానే గట్టిగా మూసి, దాని లోపలే చల్లబరుద్దామన్న ఆలోచన ఎందుకు పుట్టిందో కూడా అర్థమవుతుంది.

చలి ఉంది, అందడం లేదు

సర్వర్ తీసుకునే కరెంటంతా చివరికి వేడిగానే తేలుతుంది. చిప్పు వేసిన లెక్కలు, డిస్కు తిరిగిన తిరుగుడు, ఫ్యాను తోసిన గాలి అన్నీ వేడి కిందే జమ. కేబుల్ గుండా బయటికి పోయే సమాచారంతో పాటు వెళ్లే శక్తి లెక్కలోకి రానంత తక్కువ. అంటే 500 వాట్ల సర్వర్లు పది ఉన్న బీరువా, పగలూ రాత్రీ ఆరకుండా 5 కిలోవాట్ల వేడిని గదిలోకి కక్కుతూనే ఉంటుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ తీయగలిగే వేడి సుమారు 5.3 కిలోవాట్లు. కాగితం మీద సరిపోయినట్టే కనిపిస్తుంది.

అయితే అందులో రెండు కోతలున్నాయి. మొదటిది, ఎండకు కాలిన పైకప్పు, పడమటి గోడ తెచ్చిపెట్టే వేడి. రెండోది చాలామంది గమనించనిది. ఇంట్లో వాడే ఏసీని మనుషుల కోసం తయారుచేస్తారు. మనుషులకు చెమట పడుతుంది కాబట్టి, దాని శక్తిలో నాలుగో వంతు దాకా గాలిలోని తేమను నీళ్లుగా పిండి బయటికి పంపడానికే ఖర్చవుతుంది. సర్వర్‌కు చెమట పట్టదు. అది వదిలేది పొడి వేడి. తేమ పిండే ఆ వాటా దానికి అక్కరకు రాదు.

ఇంతకన్నా పెద్ద సంగతి గాలి లెక్కలో ఉంది. సర్వర్లు ముందు నుంచి చల్లగాలి పీల్చి, దాన్ని 12 డిగ్రీలో ఎంతో వేడెక్కించి, వెనక నుంచి వదులుతాయి. 5 కిలోవాట్ల వేడిని ఈ తీరున మోయాలంటే సెకనుకు 350 లీటర్ల గాలి కావాలి. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిని తీసుకుంటే, అందులోని గాలి మొత్తం నిమిషన్నర తిరక్కుండానే ఒకసారి ఆ బీరువా గుండా వెళ్లాలన్నమాట. కానీ గోడ మీది ఏసీ విసిరే గాలి సెకనుకు 250 లీటర్ల చుట్టుపక్కలే ఉంటుంది.

మిగిలిన 100 లీటర్లు ఎక్కడివి? సర్వర్ ఫ్యాన్లకు గాలి కావాలి, అది చల్లనిదా వేడిదా అన్న విచక్షణ వాటికి లేదు. వెనక వదిలిన వేడిగాలే బీరువా నెత్తి మీదుగా, పక్కల నుంచి, లోపల ఖాళీగా వదిలేసిన అరల గుండా చుట్టుతిరిగి మళ్లీ ముందుకొస్తుంది. వేడిగాలి పైకే లేస్తుంది కాబట్టి అందరికన్నా ముందు దాన్ని పీల్చేది పై అరలోని సర్వర్. దాని ముక్కు దగ్గర థర్మామీటర్ పెడితే 35 చూపించినా ఆశ్చర్యం లేదు. అదే సమయంలో ఏసీ వదిలిన చల్లగాలిలో కొంత, బీరువా వైపు వెళ్లకుండా గది మధ్యలోంచి నేరుగా ఏసీ నోటికే తిరిగొస్తుంది. ఏసీ సెన్సరు ఉండేది అక్కడే. గది చల్లబడిందనుకుని అది కంప్రెసర్‌ను ఆపేస్తుంది. సెన్సరు చూసే చోటు, సర్వర్ బాధపడే చోటు వేరువేరు. చిక్కుముడి ఇక్కడ ఉంది.

టేబుల్ ఫ్యాన్ ఏం చేస్తుంది? పై సర్వర్‌కు కాసేపు ఊపిరి పోస్తుంది. కానీ వేడినీ చలినీ ఇంకాస్త కలగలిపి పెడుతుంది.

అసలు నష్టం కలిసిపోవడంలో ఉంది

వంటింట్లో ఎండుమిరపకాయల తాలింపు వేస్తే ఘాటు లేస్తుంది. పొయ్యి మీద చిమ్నీ ఉంటే ఘాటు లేచిన చోటే దొరుకుతుంది, చిన్న ఫ్యాను చాలు. చిమ్నీ లేకపోతే అది హాల్లోకి, పడకగదిలోకి పాకి ఇల్లంతా దగ్గు తెప్పిస్తుంది. ఇక ఇంట్లోని కిటికీలన్నీ తెరిచినా అరగంట పడుతుంది. ఘాటు మొత్తం ఎంత లేచిందో అంతే, మారలేదు. అది ఎంత గాలిలో కలిసిందన్నదే మన పని పెంచింది. సర్వర్ వేడి కూడా అంతే. వెనక నుంచి వచ్చేటప్పుడు అది చిక్కగా, ఒకేచోట, పట్టుకోవడానికి వీలుగా ఉంటుంది. గదిలో కలిసిందంటే పలచబడి, దాన్ని తీయడానికి గదంతటినీ చల్లబరచాల్సి వస్తుంది.

పెద్ద డేటా సెంటర్ల కథ కూడా ఇదే, కొలత మాత్రమే పెద్దది. అక్కడ నేలకు రెండడుగుల ఎత్తున పలకలతో ఇంకో నేల వేస్తారు. ఆ మధ్య ఖాళీలోకి భారీ ఏసీలు చల్లగాలిని నూకుతాయి. చిల్లుల పలకల గుండా అది బీరువాల ముందుకు లేస్తుంది. 1990ల ఆరంభం దాకా బీరువాలన్నిటినీ ఒకే దిక్కుకు నిలబెట్టేవారు. ముందు వరస వదిలిన వేడిగాలి వెనక వరసకు ఊపిరయ్యేది. ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ సులివాన్ 1992లో వరసలను ఎదురెదురుగా తిప్పమన్నారు. ముఖాలు కలిసే నడవాలో చల్లగాలి, వీపులు కలిసే నడవాలో వేడిగాలి. తర్వాత ఆ నడవాలకు తలుపులు, పైకప్పులు కట్టి వేడినీ చలినీ ఇంకా గట్టిగా విడదీశారు. చలిని యంత్రానికి దగ్గరగా, మరింత దగ్గరగా జరుపుకుంటూ వచ్చిన ప్రయాణం ఇది. ఆ దారిలో చివరి అడుగు బీరువా తలుపులు మూసేయడం.

గది పద్ధతిలో ఇంకో ఖరీదు దాగి ఉంది. వేడిగాలి చొరబడే ఒక్క మూల సర్వర్‌కు 27 డిగ్రీలు దాటకూడదంటే, మొత్తం గదికి 18 డిగ్రీల గాలి పంపాల్సి వస్తుంది. సర్వర్లు నిజంగా కోరేది అంత చలి కాదు. డేటా సెంటర్ల వాతావరణానికి ప్రపంచమంతా అనుసరించే మార్గదర్శకాలు అమెరికా ఏసీ ఇంజినీర్ల సంఘం ఆష్రేవి. సర్వర్ పీల్చే గాలి 18 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే చాలని 2008 నుంచి ఆ సంఘం చెబుతోంది. 25 డిగ్రీల గాలి నిక్కచ్చిగా అందితే ఏ సర్వరూ ఫిర్యాదు చేయదు. అందుతుందన్న నమ్మకం లేకే గదిని గడ్డకట్టిస్తున్నాం.

మూసిన బీరువా లోపల ఏముంటుంది

సర్వర్ బీరువా కొలతలు ప్రపంచమంతా దాదాపు ఒక్కటే. లోపల 19 అంగుళాల వెడల్పు సామాను పడుతుంది, ఎత్తులో సాధారణంగా 42 అరలు, ఒక్కో అర అంగుళం ముప్పాతిక. మామూలు బీరువా తలుపుల నిండా చిల్లులుంటాయి, గాలి అటూ ఇటూ ఆడటానికి. మూసిన బీరువాకు చిల్లులుండవు. ముందు అద్దం తలుపు, వెనక ఇనుప తలుపు, రెండిటికీ అంచుల వెంట రబ్బరు పట్టీలు. కేబుళ్లు దూరే కంతలకు కూడా కుచ్చు బ్రష్షులు బిగిస్తారు.

బీరువా పక్కన జానెడు మూరెడు మధ్య వెడల్పుతో ఇంకో సన్నటి పెట్టె అతికి ఉంటుంది. అందులో పై నుంచి కింది దాకా నీళ్లు పారే రేడియేటర్, దాని వెంట ఒకదాని కింద ఒకటిగా ఫ్యాన్లు. సర్వర్ల వెనక చేరిన వేడిగాలిని ఈ ఫ్యాన్లు పక్కకు లాగి, రేడియేటర్ రెక్కల మధ్య నుంచి దూర్చి, చల్లబడ్డ గాలిని మళ్లీ సర్వర్ల ముందుకు వదులుతాయి. సర్వర్లు దాన్ని పీలుస్తాయి, వెనక్కి వదులుతాయి. అదే గాలి, అదే చుట్టు, రోజంతా. గాలి నడిచే దారి మొత్తం కలిపి రెండు మూడు మీటర్లు. గది పద్ధతిలో అదే గాలి నేల కింద, పైకప్పు వెంట పదుల మీటర్లు తిరిగిరావాలి.

దారి తగ్గితే లాభమేమిటన్నది ఫ్యాన్ల దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. ఫ్యాను వేగం సగానికి తగ్గిస్తే అది తాగే కరెంటు సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మూసిన బీరువాలో సెన్సర్లు సర్వర్ల ముక్కు దగ్గరే ఉంటాయి కాబట్టి, రాత్రి పని తగ్గినప్పుడు ఆ ఒక్క బీరువా ఫ్యాన్లు నెమ్మదిస్తాయి, పక్క బీరువాలో పని ఎక్కువైతే అక్కడివే వేగం పుంజుకుంటాయి. గదికంతటికీ కలిపి నడిచే పెద్ద ఏసీకి ఈ వెసులుబాటు లేదు. ఒక్క మూల కోసం అంతటా ఒకే వేగంతో విసరాలి.

ఇక్కడ అసలు బరువు మోసేది నీళ్లు. ఒకే పరిమాణంలో, ఒకే డిగ్రీ వేడెక్కడానికి గాలి కన్నా నీళ్లు దాదాపు 3,500 రెట్లు ఎక్కువ వేడిని తీసుకుంటాయి. 20 కిలోవాట్ల బీరువా నుంచి వేడిని గాలితో మోయించాలంటే సెకనుకు 1,400 లీటర్ల గాలి కావాలి. అదే వేడికి నీళ్లయితే సెకనుకు లీటరు కూడా అక్కర్లేదు, ఆ నీళ్లు వేడెక్కేది ఆరు డిగ్రీలే అయినా సరే. మనిషి దూరగలిగేంత గాలి గొట్టం చేసే పని చేతిలో ఇమిడే పైపుతో అయిపోతుంది.

గాలి కలవడం ఆగింది కాబట్టి 25 డిగ్రీల గాలితోనే సరిపెట్టుకోవచ్చు. అప్పుడు రేడియేటర్‌లోకి 7 డిగ్రీల మంచునీళ్లు పంపనక్కర్లేదు, 15 నుంచి 18 డిగ్రీల నీళ్లు చాలు. నీళ్లను చల్లబరిచే చిల్లర్ మీద ప్రతి డిగ్రీకీ 2 నుంచి 3 శాతం కరెంటు మిగులుతుంది. పది డిగ్రీల తేడా అంటే బిల్లులో కంటికి కనిపించే అంకె.

ఈ తరహా బీరువాలు కొత్తవేమీ కావు. జర్మనీలోని హెర్బోర్న్ పట్టణంలో ఉన్న రిట్టాల్ సంస్థ, అమెరికాలోని హెచ్‌పీ ఇరవయ్యేళ్ల కిందటే వీటిని మార్కెట్లోకి తెచ్చాయి. 2006 నాటి హెచ్‌పీ బీరువా 30 కిలోవాట్ల దాకా మోసేది. మామూలు గదుల్లో ఒక్కో బీరువాకు ఐదారు కిలోవాట్లు దాటితేనే తలపట్టుకునే రోజులవి.

బాక్సు: సర్వర్ల పక్కన నీళ్లా?

కరెంటు సామాను పక్కకు నీళ్లు తేవడమంటే ఎవరికైనా భయమే. కానీ ఇది కంప్యూటర్ల చరిత్రలో పాత అలవాటు. 1980లో వచ్చిన ఐబీఎం 3081 యంత్రంలో చిప్పుల పలక మీదికే చల్లటి నీళ్ల గొట్టాలు వచ్చేవి. 1985 నాటి క్రే-2 సూపర్ కంప్యూటర్‌ను కరెంటు ప్రవహించని ద్రవంలో నిలువునా ముంచి నడిపారు. 1990లలో తక్కువ వేడి పుట్టించే సీమాస్ చిప్పులు రావడంతో నీళ్ల అవసరం తీరి, గాలి ఫ్యాన్లు రాజ్యమేలాయి. చిప్పులు మళ్లీ వేడెక్కేసరికి నీళ్లు తిరిగొచ్చాయి. 2008లో ఐబీఎం తన పవర్ 575 సూపర్ కంప్యూటర్‌లో ప్రాసెసర్ల నెత్తిన నీళ్లు పారే రాగి పలకలు పెట్టింది. మూసిన బీరువాలో నీళ్లు సర్వర్ల దాకా కూడా రావు, పక్క పెట్టెలోనే ఉండిపోతాయి. కింద చిన్న తొట్టి, అందులో తడి తగిలితే మోగే తీగ ఉంటాయి. కొన్ని ఏర్పాట్లలో పైపుల్లోని నీటి పీడనాన్ని బయటి గాలి కన్నా తక్కువ ఉంచుతారు. పైపు చిట్లితే గాలి లోపలికి పోతుంది తప్ప నీళ్లు బయటికి రావు.

సముద్రం అడుగున మూసిన పెట్టె

మూసేయడం వల్ల చలి ఒక్కటే కాదు, ఇంకేదో కలిసొస్తుందని బాగా తేల్చి చెప్పిన ప్రయోగం మైక్రోసాఫ్ట్‌ది. 2018లో స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల దగ్గర, సుమారు 35 మీటర్ల లోతున, 864 సర్వర్లున్న ఉక్కు గొట్టాన్ని ఆ సంస్థ సముద్రం అడుగున దించింది. ప్రాజెక్ట్ నాటిక్ దాని పేరు. లోపల 12 బీరువాలు, ప్రతి బీరువా వెనకా ఒక రేడియేటర్, అందులో సముద్రపు నీళ్లు. జలాంతర్గాముల్లో వాడే పద్ధతే. గొట్టంలోని మామూలు గాలి తీసేసి పొడి నైట్రోజన్ నింపి సీలు వేశారు. రెండేళ్ల పాటు ఎవరూ తలుపు తీయలేదు, ఒక్క స్క్రూ కూడా బిగించలేదు.

2020 జులైలో పైకి లాగి చూస్తే, నేల మీద అదే పని చేస్తున్న సర్వర్లతో పోల్చినప్పుడు ఇక్కడ పాడైన వాటి నిష్పత్తి ఎనిమిదో వంతే. తుప్పుకు కారణమయ్యే ఆక్సిజన్, తేమ లేకపోవడం, మనుషుల చేతులు, కాళ్లు తగలకపోవడం ఇందుకు కారణాలై ఉంటాయని ఆ బృందం భావించింది. సముద్రగర్భ డేటా సెంటర్లు కట్టడం లేదని 2024లో మైక్రోసాఫ్ట్ చెప్పింది. నీళ్ల అడుగున పెట్టడం వ్యాపారంగా నిలవకపోయినా, మూసి ఉంచడం వల్ల యంత్రం ఆయుష్షు పెరుగుతుందన్న గమనింపు నాకు చాలా విలువైనదిగా తోస్తుంది.

ఎందుకంటే మన దగ్గర గాలి సర్వర్‌కు స్నేహితుడేమీ కాదు. పల్నాడులోనో, నల్లగొండ జిల్లాలోనో సిమెంటు ఫ్యాక్టరీ కంట్రోల్ రూమ్ పక్కన పెట్టిన సర్వర్‌ను ఏడాది తర్వాత విప్పితే, చిప్పు మీది రెక్కల మధ్య బూడిదరంగు దుమ్ము దట్టంగా పేరుకుని ఉంటుంది. దుమ్ము వేడిని లోపలే బంధిస్తుంది. రేవు పట్టణాల్లో ఉప్పుగాలి తగిలి రాగి తీగలు, టంకం చుక్కలు కొరుక్కుపోతాయి. బయటి గాలికి దారే లేని బీరువాలో ఈ రెండు బాధలూ చాలావరకు తప్పుతాయి. ఫ్యాక్టరీల్లో వాడే రకాలను దుమ్ము, నీటి జల్లు తట్టుకునేలా పరీక్షించి ఐపీ55 వంటి గుర్తింపులు ఇస్తారు. మన ప్రాంతాల్లో ఈ బీరువాలకు మొదటి చోటు మహానగరాల డేటా సెంటర్లలో కాదని, ఇలాంటి దుమ్మూ ధూళీ ఉన్న చోట్లేనని నేను గట్టిగా నమ్ముతాను.

పంపు ఆగితే

ఇక కష్టాల మాట. అందరికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న, చల్లబరచడం ఆగిపోతే ఎంతసేపు తట్టుకుంటుంది అని.

పెద్ద గదిలో ఏసీ ఆగితే గాలి, గోడలు, కాంక్రీటు నేల కొంత వేడిని తమలోకి తీసుకుంటాయి. కొన్ని నిమిషాల వ్యవధి దొరుకుతుంది. మూసిన బీరువాలో ఉండే గాలి మహా అయితే ఒక ఘనపు మీటరు, బరువులో కిలో చిల్లర. 20 కిలోవాట్ల వేడి ఆ గాలికి ఒక్కదానికే చేరితే సెకనుకు 16 డిగ్రీల చొప్పున ఎగబాకుతుంది. నిజానికి అంత వేగంగా జరగదు. సర్వర్ల ఇనుము, అల్యూమినియం, రాగి కలిపి వందల కిలోలుంటాయి, అవి వేడిని తాగుతాయి. అయినా చేతిలో ఉండేది కొద్ది నిమిషాలే. ఆలోగా సర్వర్లు తమంతట తామే ఆగిపోతాయి, లేదా దెబ్బతింటాయి.

అందుకే మంచి బీరువాల తలుపులకు అయస్కాంతపు గడియలు పెడతారు. లోపల వేడి హద్దు దాటితే గడియ వదిలేసి ముందూ వెనకా తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి. అప్పటికి బీరువా మామూలు బీరువా అయిపోతుంది, గది గాలితో ప్రాణం నిలుపుకుంటుంది. అలాంటి బీరువాలు ఇరవై ఉన్న గదిలో గది ఏసీ అస్సలు లేకపోతే తలుపులు తెరుచుకున్నా లాభం ఉండదు. ఈ సంగతి కొనేటప్పుడే ఆలోచించాలి.

కరెంటు పోయినప్పుడు ఇంకో చిక్కు. సర్వర్లు యూపీఎస్ మీద నడుస్తూనే ఉంటాయి, వేడి పుడుతూనే ఉంటుంది. జనరేటర్ అరనిమిషంలో అందుకుంటుంది. కానీ ఒకసారి ఆగిన చిల్లర్ మళ్లీ పూర్తి బలంతో చల్లబరచడానికి చాలా నిమిషాలు తీసుకుంటుంది. ఆ ఖాళీని పూడ్చే మార్గం తేలికైనదే. నీళ్లు తోసే పంపునూ, బీరువా ఫ్యాన్లనూ యూపీఎస్ మీద పెట్టి, దారిలో చల్లటి నీళ్ల ట్యాంకు ఒకటి ఉంచుకోవడం. మన మేడల మీద కనిపించే వెయ్యి లీటర్ల ట్యాంకంతది చాలు. అందులోని నీళ్లు ఆరు డిగ్రీలు వేడెక్కేలోపు 20 కిలోవాట్ల బీరువాను ఇరవై నిమిషాలు కాస్తాయి.

అగ్ని ప్రమాదం విషయమూ ఉంది. గది పైకప్పుకున్న పొగ సెన్సర్‌కు, మూసిన బీరువాలో పుట్టిన పొగ కనిపించదు. కాబట్టి ప్రతి బీరువాకు సొంత సెన్సరు, మంటలార్పే గ్యాస్ సిలిండరు లోపలే ఉండాలి. మూసి ఉండటం ఇక్కడ మేలే చేస్తుంది. గదంతా గ్యాస్ నింపకుండా ఆ ఒక్క బీరువాలోనే వదిలితే సరిపోతుంది.

చివరిగా చిన్నదే కానీ చాలామందిని ఏడిపించే విషయం. కొన్ని నెట్‌వర్క్ స్విచ్‌లు గాలిని ముందు నుంచి వెనక్కి కాకుండా ఒక పక్క నుంచి ఇంకో పక్కకు లాగుతాయి. అలాంటి పెట్టె ఒక్కటి లోపల పెట్టినా వేడీ చలీ మళ్లీ కలుస్తాయి, బీరువా మూసిన ప్రయోజనం దెబ్బతింటుంది.

బాక్సు: వేడి చివరికి ఎక్కడికి వెళ్తోంది?

మూసిన బీరువాల్లో నీళ్ల పైపులు అక్కర్లేని రకం కూడా ఉంది. ఏసీ కంప్రెసర్ బీరువాలోనే ఇమిడి ఉంటుంది. ప్లగ్గు పెడితే చాలంటారు. ఇక్కడ జాగ్రత్త అవసరం. కంప్రెసర్ లాగిన వేడి ఎటో ఒకవైపు బయటికి పోవాలి. గోడ అవతల బిగించే అవుట్‌డోర్ యూనిట్ ఉంటే సరే. అది లేకుండా వెనక నుంచి గదిలోకే వేడిగాలి వదిలే రకమైతే, బీరువా లోపల చల్లబడినంతా గదిలో చేరుతుంది, పైగా కంప్రెసర్ సొంత వేడి కూడా తోడవుతుంది. కిటికీ లేని చిన్న గదిలో దాన్ని పెడితే గది కాగిపోతుంది, కాసేపటికి బీరువా కూడా చల్లబరచలేక చేతులెత్తేస్తుంది.

హైదరాబాద్ ఎండ, విశాఖ ఉక్క

మైక్రోసాఫ్ట్, అమెజాన్ సంస్థలు హైదరాబాద్ చుట్టుపక్కల డేటా సెంటర్లు కట్టాయి. అమెజాన్ తన క్లౌడ్ కేంద్రాన్ని ఇక్కడ 2022 నవంబరులో తెరిచింది. విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో గిగావాట్ స్థాయి కేంద్రం నిర్మిస్తామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. గిగావాట్ కరెంటు అంటే గిగావాట్ వేడి. దాన్ని ఎక్కడ వదలాలన్నది నగరాల స్థాయి ప్రశ్న.

బీరువాలో నీళ్లు గుండ్రంగా తిరుగుతుంటాయి, తరిగిపోవు. నీళ్లు ఖర్చయ్యేది చివర, భవనం మీది కూలింగ్ టవర్ దగ్గర. అక్కడ వేడిని వదిలించుకోవడానికి నీటిని ఆవిరి చేస్తారు. ఒక యూనిట్ కరెంటుకు సమానమైన వేడి పోవాలంటే దాదాపు లీటరున్నర నీళ్లు ఆవిరి కావాలి. ఒక మెగావాట్ వేడికి రోజుకు 35,000 లీటర్లు. హైదరాబాద్ వేసవిలో ఎండ 42 డిగ్రీలున్నా గాలి పొడిగా ఉంటుంది, నీళ్లు చకచకా ఆవిరై బాగా చల్లబరుస్తాయి. కానీ నీళ్లకు కటకటలాడేదీ ఆ నెలల్లోనే. విశాఖలో ఎండ తక్కువైనా గాలి నిండా తేమే. అక్కడ ఆవిరి కావడమే కష్టం. ఒకే యంత్రం, రెండు ఊళ్లు, రెండు లెక్కలు.

తేమ ఇంకో చోట కూడా తగులుతుంది. ఉక్కపోసే నెలల్లో విశాఖ గాలిలోని తేమ 25 డిగ్రీల దగ్గరే నీళ్లుగా మారడం మొదలుపెడుతుంది. అంతకన్నా చల్లగా ఉన్న ఏ పైపు మీదైనా చెమట పడుతుంది. మూసిన బీరువా లోపల ఉండే కాస్త తేమ మొదట్లోనే రేడియేటర్ మీద కారిపోయి తర్వాత పొడిగా ఉంటుంది. కానీ బీరువా దాకా వచ్చే పైపులకు మందంగా తొడుగు వేయకపోతే గది నేల మీద నీళ్లు మడుగు కడతాయి. తలుపు తీసిన ప్రతిసారీ బయటి తేమ లోపలికి దూరుతుంది కూడా. నీళ్లను వీలైనంత వెచ్చగా పంపాలనడానికి ఇది కరెంటు ఆదాకు మించిన కారణం.

కృత్రిమ మేధ బీరువాలు వచ్చాక ఈ పద్ధతికి కూడా పైహద్దు కనిపించింది. ఎన్విడియా సంస్థ 72 గ్రాఫిక్స్ ప్రాసెసర్లను పేర్చి తయారుచేసిన జీబీ200 బీరువా ఒక్కటే సుమారు 120 కిలోవాట్లు తాగుతుంది. దాన్ని గాలితో చల్లబరచాలంటే, గాలిని 15 డిగ్రీలు వేడెక్కనిచ్చినా సరే, ఒక తలుపంత వెడల్పులోంచి గంటకు 20 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తూ ఉండాలి. మూసినా తెరిచినా అది గాలికి సాధ్యమయ్యే పని కాదు. అందుకే అందులో నీటిపైపులు నేరుగా చిప్పుల నెత్తికే వెళ్తాయి. అయినా ఇలాంటి బీరువాల్లోని వేడి అంతా పైపులకే చిక్కదు. కరెంటు సరఫరా పెట్టెలు, ఇతర చిల్లర భాగాలు గాలిలోకి కొంత వదులుతూనే ఉంటాయి. 120లో పదో వంతన్నా 12 కిలోవాట్లు, అంటే నిన్నటి బీరువాలు రెండింటి వేడి. వెనక తలుపుకే రేడియేటర్ బిగించే పద్ధతి ఇలాంటి చోట్ల అక్కరకొస్తోంది. ఐబీఎం అలాంటి తలుపును 2005లోనే తెచ్చింది.

ఎవరికి తగినది

రెండు మూడు కిలోవాట్ల బీరువా ఒక్కటే ఉన్న ఆఫీసుకు, అదీ దుమ్ము లేని చోట అయితే, ఇది అవసరానికి మించిన ఖర్చు. ప్రతి బీరువాకు విడిగా ఫ్యాన్లు, రేడియేటర్, సెన్సర్లు, పైపులు కావాలి. ఒకటి పాడైతే ఆదుకోవడానికి అదనపు ఫ్యాను కూడా అందులోనే ఉండాలి. పది కిలోవాట్లు దాటిన బీరువాలు కొన్నే ఉన్న చోట, పాత భవనంలో కొత్తగా నేల ఎత్తు పెంచలేని చోట, ఫ్యాక్టరీలో, రేవులో, మనుషులు కూర్చునే గదిలోనే సర్వర్లు పెట్టక తప్పని చోట దీని విలువ తెలుస్తుంది. చివరి సందర్భంలో ఇంకో లాభం, చప్పుడు. వేలెడంత వెడల్పున్న సర్వర్ ఫ్యాన్లు నిమిషానికి పది వేల చుట్లకు పైగా తిరుగుతూ చేసే కీచు చాలావరకు తలుపుల వెనకే ఉండిపోతుంది.

కొనేవాళ్లు అమ్మేవాళ్లను అడగాల్సినవి ఎన్ని కిలోవాట్లు మోస్తుందన్న ఒక్క అంకె దగ్గర ఆగకూడదు. ఎన్ని డిగ్రీల నీళ్లతో ఆ అంకె చెబుతున్నారు? పంపు ఆగితే సర్వర్ ముక్కు దగ్గర 35 డిగ్రీలకు చేరడానికి ఎన్ని నిమిషాలు? ఒక ఫ్యాను పోతే మిగతావి ఎంత మోస్తాయి? తలుపు తీయకుండా ఫ్యాను మార్చగలమా? ఈ నాలుగింటికీ రాతపూర్వకంగా జవాబివ్వలేని సంస్థ బీరువా కొనవద్దు.

కొనడానికి ముందు, చిల్లుల తలుపుల పాత బీరువా దగ్గరే చేయదగిన పని ఒకటుంది. సర్వర్లు లేని ఖాళీ అరల ముందు మూతపలకలు బిగించాలి. ప్లాస్టిక్‌వి దొరుకుతాయి, ఒక్కోటి కొద్ది వందల్లో అయిపోతుంది. తర్వాత ఏసీ గాలి బీరువా ముఖం మీద పడేలా తిప్పి, పై అర సర్వర్ ముందు ఒక థర్మామీటర్ అతికించి వారం రోజులు అంకెలు రాసుకోవాలి. ఆ అంకె 27 లోపే నిలిస్తే ఏసీ రిమోట్‌లో 18ని ఒక్కో డిగ్రీ చొప్పున పైకి జరుపుకుంటూ వెళ్లవచ్చు. పలకలన్నీ బిగించాక కూడా అది 30 దాటుతుంటే, అప్పుడు మూసిన బీరువాకు కొటేషన్ అడగాలి.